బియ్యంలో రాయని పేరు

పళ్ళెంలో పరిచిన బియ్యం మీద తండ్రి ఉంగరంతో కూతురి పేరు రాశాడు. తర్వాత వంగి పాప చెవిలో మూడుసార్లు చెప్పాడు. సోఫాలో కూర్చున్న పక్కింటి పెద్దావిడ విని, "అది దానిత్స కాదు కదా," అంది ఇంగ్లీషులో.

అది డెబ్బైల చివర, క్లీవ్‌లాండ్. నేనొక దినపత్రికలో వార్తలు దిద్దే పనిలో ఉండేవాణ్ణి. ఆ పాప తల్లిదండ్రులుండే ఇంట్లోనే పై అంతస్తు నాది. పక్కింటావిడ చిన్నతనంలో స్లొవేనియా నుంచి వచ్చి, కుట్టుపని ఫ్యాక్టరీలో చేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమె పేరు దానిత్స, ఆమె తల్లి పేరు కూడా అదే. ఆ పేరు తనతో ఆగిపోతుందని అప్పుడప్పుడూ అనేది.

పాప తల్లికి నొప్పులొచ్చిన రోజు ఆమె భర్త ఊళ్ళో లేడు. పక్కింటావిడే కార్లో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మనవాళ్ళలో బారసాల దాకా బిడ్డకు పేరుండదు. ఇంటికి పంపేముందు నర్సు బర్త్ సర్టిఫికెట్ కోసం పేరడిగితే, ఆ అమ్మాయి పక్కనున్న మనిషి పేరు చెప్పేసింది. అసలు పేరు తర్వాత ఎలాగూ పెట్టుకుంటాం, ఇది ఆస్పత్రి మటుకే అనుకుంది. పెద్దావిడ అలా అనుకోలేదు. చర్చిలో అందరికీ చెప్పుకుంది. బారసాలకు అక్రోటు రొట్టె చేసి తెచ్చింది.

"అది టెంపరరీగా ఇచ్చిన పేరండి, చేంజ్ చేయిస్తాం," అన్నాడు తండ్రి.

భార్య ఆవిడ వైపు తిరిగింది. "ఆంటీ, మీ పేరుకి అర్థమేమిటి?"

"మా భాషలో దాన్ అంటే పగలు. తెల్లారకముందు తూర్పున కనిపించే చుక్క దానిత్స. మా నాన్న దాన్ని చూసి గడ్డి కోతకు లేచేవాడు."

"వేగుచుక్కండీ," అంది పాప తల్లి, భర్తతో. "మా అమ్మమ్మ దాన్ని చూసే చల్ల చిలకడానికి లేచేది. అదీ రాయండి."

"రాజమండ్రి నుంచి పురోహితుడు చెప్పిన అక్షరం వేరు. పాప జన్మనక్షత్రానికి ఇది కుదరదు."

"ఇదీ నక్షత్రమేగా."

అది నక్షత్రం కాదు, శుక్రగ్రహం. దిద్దడం నా వృత్తే అయినా ఆ పూట ఊరుకున్నాను. తండ్రి ఉంగరం తిరిగి వేలికి పెట్టుకున్నాడు.

"మీరు బియ్యంలో రాశారు, ఆస్పత్రిలో ఇంకుతో రాశారు," అని పెద్దావిడ లేచి రొట్టె కోసింది. అందరికంటే పెద్ద ముక్క ఆయన ప్లేటులోనే పెట్టింది.

తర్వాత ఏటా ఆమె, తమ చర్చి క్యాలెండర్లో ఆ పేరుకు కేటాయించిన పండుగ రోజున పాప కోసం అదే రొట్టె తెచ్చేది. వాళ్ళ ఊళ్ళో పుట్టినరోజు కంటే అదే ముఖ్యమట. తండ్రి ఏటా కోర్టుకు వెళ్ళి మార్పిస్తాననేవాడు. తల్లి ముద్దుకు ఒక పేరు, కోపానికి ఇంకో పేరు వాడేది. పిల్ల రెండిటికీ పలికేది.

ఎనభైల మధ్యలో నేను ఆ ఊరు వదిలేనాటికి పాప బడిలో చేరబోతోంది. టీచర్ ఏ పేరుతో పిలవాలో ఇంట్లో ఇంకా తేలలేదు.