తాత మడమ కింది తోలు

మా చిన్నప్పుడు... దొనకొండ రైలు కాలనీలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మా నాయన అన్నం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా లేచిపోయాడు. కారణం చెబితే నవ్వుతారు. ఆయన బిలియర్డ్స్ కర్రకు తల ఊడిపోయింది.

తలంటే... కర్ర కొసన అతికించే చిన్న తోలు బిళ్ల. చిటికెన వేలి గోరంత. దాన్ని టిప్పు అంటారు. అది లేకుండా కొడితే చెక్క జారిపోతుంది... బంతి ఒక దిక్కు, పరువు ఒక దిక్కు.

నాయన స్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమాస్తా. సాయంత్రాలు రైలోళ్ల క్లబ్బులో బల్ల పక్కన నిలబడి చూసీ చూసీ ఆట నేర్చుకున్నాడు. బదిలీ మీద పోతూ ఒక గార్డు తన పాత కర్ర ఇచ్చిపోయాడు. అప్పటిదాకా ఆ బల్ల మీద పోటీ ఆడేది ఇంజను డ్రైవర్లూ, ఆఫీసర్లూ. ఆ ఏడు మొదటిసారి గుమాస్తాల్లోంచి ఒకరిని పిలిచారు... మా నాయనను. పోటీ మర్నాడే. ఎవరి కర్ర వాళ్లు తెచ్చుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కదా, మద్రాసు నుంచి టిప్పులు రావడం ఎప్పుడో ఆగిపోయింది.

ఊడిన బిళ్లనే తుమ్మ బంకతో అతికించి చూశాడు. ఒక్క దెబ్బకు ఎగిరి, చీలి, మంచం కింద పడింది.

ఆ మంచం కిందే అవ్వ పెట్టె ఉండేది.

అవ్వంటే నాయనను కన్నతల్లి. తాత పోయాక మార్కాపురం దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి వచ్చేసింది. ఒక రేకు పెట్టె తెచ్చుకుంది. అందులో తాత సుత్తి, తోలు కోసే రంపె, ఆయన తొడిగిన చివరి జత కిర్రు చెప్పులు... మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆయనా అవ్వా కుట్టిన చెప్పులే నాయనను మిషన్ బడిలో చదివించాయి.

ఆ బడిలోనే పక్క పిల్లలు నాయనను చూసి ముక్కు మూసుకునేవారట. అందుకే ఉద్యోగం వచ్చిన రోజున, తన ఇంట్లో తోలు పని జరగదని ఒట్టు పెట్టుకున్నాడు. అవ్వ ఆ ఒట్టును గౌరవించి పెట్టె ఎన్నడూ తెరవలేదు.

ఆ మధ్యాహ్నం తనే బయటికి లాగింది.

“అబ్బయ్యా, వద్దంటే మూసేస్తా. చెప్పు,” అంది.

నాయన వద్దనలేదు. వెళ్లి వీధి తలుపు మూసి వచ్చాడు. ఎవరన్నా అడిగితే మద్రాసు నుంచి తెప్పించామని చెప్పమని అమ్మకూ నాకూ గట్టిగా చెప్పాడు. అవ్వ ఆ మాట విననట్టే ఉండిపోయింది. నాకు మాత్రం ఆమె ముఖం చూసి బాధేసింది.

అవ్వ తాత చెప్పు తీసి, అడుగంతా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చి మడమ దగ్గర ఆగింది. ఏళ్ల తరబడి తాత బరువు మోసి అక్కడ తోలు గట్టిపడిపోయింది. తాత చెప్పు కోసేస్తోందని నాకు ఏడుపొచ్చింది.

“ఏడవమాకమ్మా. తొక్కీ తొక్కీ మీ తాతే తయారు చేసి పోయినాడు,” అంది. కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకుని రంపె పెట్టింది.

కర్ర కొసకంటే కాస్త పెద్ద ముక్క కోసి, రాతి మీద పెట్టి సుత్తితో మెల్లగా కొట్టింది. నాయన కర్ర కొసకు పట్టిన పాత జిగురు గీకి, చదునుగా ఉందో లేదో నా పలక మీద నిలబెట్టి చూశాడు. మార్కాపురం రాతి పలక... దానికి వంకర తెలియదు. తుమ్మ బంక కాగితాలకే పనికొస్తుందని అవ్వ అంటే, అమ్మ వెళ్లి వడ్రంగి దగ్గర జిగురు తెచ్చింది. దాన్ని వేడిచేసి రాసి, బిళ్ల అతికించి, కర్రను తలకిందులుగా పలక మీద నిలబెట్టి గుంజకు కట్టారు. ఆ రోజుకు నాకు చదువు తప్పింది... ఏడుపు ఆగిపోయింది!

మర్నాడు పొద్దున అంచులు కోయాలి. అవ్వ రంపెను నాయన చేతికిచ్చింది.

“నా చూపు ఆనదు. నువ్వు కొయ్యి,” అంది.

ఆమె చూపుకు ఏమీ కాలేదు, సూదిలో దారం ఎక్కించేది. నాయన రంపె పట్టుకున్నాడు. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని నేర్చిన పట్టు... చెయ్యి మరచిపోలేదు. అంచు సమంగా కోసి, ఉప్పుకాగితంతో రుద్ది, బిళ్లను గచ్చకాయ వీపులా గుండ్రం చేశాడు.

సాయంత్రం క్లబ్బు కిటికీ బయట నిలబడి నేనూ అవ్వా ఆట చూశాం. నాయన గెలిచాడని రాస్తే బాగుంటుంది గానీ, గెలవలేదు. ఎదుటి ఇంజను డ్రైవరు చెయ్యి తిరిగినవాడు. కానీ నాయన చివరిదాకా పోరాడాడు, కర్ర ఒక్కసారి కూడా జారలేదు. ఆట అయ్యాక డ్రైవరు ఆ కర్ర అందుకుని, కొసన వేలు పెట్టి చూసి, ఈ యుద్ధంలో ఇంత మంచి టిప్పు మద్రాసులో ఎవరిచ్చారని అడిగాడు.

మాకు నేర్పిన అబద్ధం నాయన నోటిదాకా వచ్చే ఉంటుంది. ఆయన కిటికీ వైపు చూశాడు.

“మద్రాసుది కాదు సార్. మా నాయన చెప్పుది. మా అమ్మ కోసి ఇచ్చింది. మాది చెప్పులు కుట్టే ఇల్లు,” అన్నాడు.

ఎవరూ ముక్కు మూసుకోలేదు. డ్రైవరు తన కర్ర కూడా తెచ్చి, దీన్నీ మీ అమ్మకు చూపించమని నాయన చేతిలో పెట్టాడు. అవ్వ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో... ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.

ఆ తర్వాత పెట్టె మంచం కింద నుంచి వరండాలోకి వచ్చింది. సాయంత్రాలు అవ్వా నాయనా అక్కడే కూర్చుని కర్రలకు తలలు పెట్టేవారు... వీధి తలుపు బార్లా తీసి.

ఇప్పుడు ఫోన్లో నొక్కితే టిప్పులు డబ్బాలో ఇంటికొస్తున్నాయి. మంచిదే. కానీ మొన్న స్నూకరాడే మా మునిమనవడు, ఆ రంపె ఎట్లా పట్టుకోవాలో చూపించు జేజీ అన్నాడు. చూపించాను. వాడి మొదటి కోతే సమంగా వచ్చింది.

మీ ఇళ్లలోనూ ఏ మంచం కిందో ఇట్లాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది... తెరిచి చూడండి. అందులో ఉన్నది ఎవరి చేతి పనిముట్టో, తలుపు తీసిపెట్టి, ఇక్కడ చెప్పండి.