వీరరాఘవయ్య బిగించిన గేరు

జగ్గయ్యపేటలో వీరరాఘవయ్యకి తెలియని విషయం ఒక్కటీ లేదు. ఈ సంగతి చెప్పింది వీరరాఘవయ్యే. ఊళ్ళో ఇంకెవరూ ఆ మాట అనకపోయినా ఆయనకి పట్టలేదు, ఎందుకంటే ఊళ్ళో ఇంకెవరికీ ఏమీ తెలియదని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. నందిగామ వైపు పోయే రోడ్డు మీద ఆయన సైకిల్ షాపు. రేకుల షెడ్డు, దాని ముందు ఒక స్టూలు, ఆ స్టూలు మీద లోకాన్ని తూకం వేస్తున్నట్టు ఆయన. సైకిల్ తోసుకొచ్చినవాడు తన బాధేదో చెప్పుకోబోతే, "నువ్వు చెప్పక్కర్లా. అక్కడ స్టాండేసి అవతల నించో" అనేవాడు. జనం నోరు మూసుకుని అవతల నించునేవాళ్ళు. పైగా అదంతా పనితనం అనుకునేవాళ్ళు. మన జనానికి అదొక జబ్బు, మర్యాదగా మాట్లాడేవాడికి పని రాదనీ, కసిరేవాడికి అంతా వచ్చనీ నమ్ముతారు.

ఆయనకి వచ్చిన పని ఒకటుంది, కాదనకూడదు. తొంభైల్లో పెనుగంచిప్రోలు వైపు నుంచి పాలక్యాన్లు కట్టుకొచ్చేవాళ్ళూ, మిర్చి బస్తాలేసుకొచ్చేవాళ్ళూ మెరకల మీద సైకిల్ తొక్కలేక రొప్పుతూ వచ్చేవాళ్ళు. ఆయన వెనకచక్రానికుండే పళ్ళచక్రం, అదే ఫ్రీవీల్, ఊడదీసి, ఎక్కువ పళ్ళున్నది ఇంకోటి బిగించేవాడు. పెడల్ తేలికైపోయేది. బండి నెమ్మదిగా పోయేది గానీ, ఎంత బరువైనా లాగేది. వెనక పళ్ళు పెంచడమే లోకంలో అన్ని మెరకలకీ మందని ఆయన నిర్ణయానికొచ్చాడు. ఆ నిర్ణయం తర్వాత ఇంక కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ కనపడలేదు. గేర్ల సైకిళ్ళు కొనుక్కొచ్చిన కాలేజీ కుర్రాళ్ళని చూసి, "తొక్కడం చేతకానోళ్ళకి తోకలు" అని నవ్వేవాడు.

ఆయన దగ్గర కొన్నాళ్ళు పనిచేసిన సాంబయ్యకి ఒక చెడ్డ అలవాటుండేది. ఏ పనిచేసినా "ఎందుకండి?" అని అడిగేవాడు. వీరరాఘవయ్య దృష్టిలో అడగడమంటే తెలియదని ఒప్పుకోవడం, తెలియదని ఒప్పుకున్నవాడు రెంచి పట్టుకోవడానికి పనికిరాడు. ఒకనాడు పదిమంది చూస్తుండగా, "పంక్చర్లేసుకు బతుకుపో" అని వెళ్ళగొట్టాడు. సాంబయ్య నందిగామ వెళ్ళి సొంతంగా షాపు పెట్టుకున్నాడు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది. వీరరాఘవయ్యకి మాత్రం అతను పంక్చర్లోడుగానే మిగిలిపోయాడు.

వీరరాఘవయ్యకి దుర్గాంబ అని ఒక చెల్లెలు. పేటలోనే కాపురం. పెనుగంచిప్రోలు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక చిన్న ఊళ్ళో అంగన్‌వాడీ నడుపుతుంది. ఉద్యోగంలో చేరినప్పుడు కాపురం ఆ ఊళ్ళోనే, పిల్లల చదువులని తర్వాత పేటకి మారారు. భర్త లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో గరికపాడు చెక్‌పోస్టుకే తెలియాలి, కాబట్టి రోజూ దింపి వచ్చే మనిషి లేడు. సైకిల్ మీదే వెళ్ళొచ్చేది. నలభై దాటాక మోకాలు మొరాయించింది. ఆ ఊరి ముందు పొడుగాటి మెరక ఒకటుంది, అక్కడ దిగి కుంటుకుంటూ తోసుకుపోయేసరికి పిల్లలు తాళం వేసిన తలుపు ముందు కూర్చుని ఉండేవాళ్ళు. రెండుసార్లు సూపర్‌వైజర్ కంట పడింది.

"దుర్గాంబా, నీ కాలు సంగతి నాకు తెలుసు. కానీ పిల్లలొచ్చేసరికి తలుపు తీసి ఉండాలి కదా. ఇట్టా అయితే ఈ ఊళ్ళో ఉండే మనిషినే పెట్టుకోవాల్సొస్తది" అంది ఆవిడ.

దుర్గాంబ బెంగ డబ్బు గురించి కాదు. జీతం గొప్పదేం కాదు. అది పోయినా ఇల్లు గడుస్తుంది. కానీ ఆ ఊళ్ళో పదిహేనేళ్ళుగా ఆవిడ టీచరమ్మ. ఇప్పుడు పెళ్ళీడుకొచ్చిన పిల్లలకి ఆవిడే మొదటి అక్షరం దిద్దించింది. పేటలో మాత్రం ఆవిడ లారీడ్రైవర్ పెళ్ళాం, సైకిల్ షాపాయన చెల్లెలు. తన పేరుతో తనని పిలిచే చోటు ఆ మెరక అవతల ఒక్కటే ఉంది.

అవి ఊరూరా కరెంటు బళ్ళ మాట మొదలైన రోజులు. సైకిల్‌కే మోటారు బిగించుకోవచ్చని విని దుర్గాంబ బెజవాడ వెళ్ళి, పెడల్స్ దగ్గర బిగించే మోటారు, బ్యాటరీ తెచ్చుకుంది. బడిపంతులుగా చేసిన మామగారిది, ఇంగ్లండు నుంచి వచ్చిన పాత సీమ సైకిల్ ఒకటి ఇంట్లో ఉంది. మూడు గేర్లూ వెనకచక్రం ఇరుసు చుట్టూ ఉండే డబ్బాలాంటి డొక్కలోనే దాగి ఉంటాయి, బయటికి గేరు మార్చే సన్న గొలుసు ఒకటి మాత్రం కనపడుతుంది. మోటారు చైన్‌ని లాగుతుంది, చైన్ ఆ డొక్కలోని గేర్లని తిప్పుతుంది. బెజవాడ షాపతను ఆ సైకిల్ సంగతంతా అడిగి తెలుసుకుని, ఒక జాగ్రత్త చెప్పి పంపాడు.

ఆవిడ ఆ జాగ్రత్తని మూటగట్టుకుని తిన్నగా అన్న దగ్గరికొచ్చింది. సొంత అన్న సైకిల్ షాపు పెట్టుకుని ఉండగా ఇంకెక్కడికి పోతుంది.

"అన్నయ్యా, ముందు పళ్ళచక్రం ఇప్పుడున్నదే ఉంచాలంట. ముందు పళ్ళు వెనకవాటికి రెట్టింపు కంటే తగ్గకూడదంట. తగ్గితే లోపలి గేర్ల మీద బలమంతా పడిపోద్దని చెప్పాడు."

"ఎవడు?"

"మోటారు అమ్మినతను."

"బెజవాడోడు నాకు సైకిల్ నేర్పుతాడా?" వీరరాఘవయ్య అటుగా పోతున్న ఇద్దర్ని ఆపి మరీ నవ్వాడు. "రెట్టింపంట. ఆ లెక్కన నువ్వు మెరకెక్కినట్టే. వెనక పళ్ళు పెంచాలి, ముందు తగ్గించాలి. ఈ రోడ్డు మీద ఎన్ని పాలసైకిళ్ళు ఎక్కించా నేను?"

"పాలసైకిల్‌కి లోపల గేర్లు లేవు కదన్నయ్యా. పైగా తొక్కేది మనిషి. కాలు లాగితే ఆగుతాడు. ఈ మోటారు ఆగదు కదా."

ఇది ఆరోజు ఆ షాపులో ఎవరైనా మాట్లాడిన ఒకే ఒక తెలివైన మాట. ముందు పళ్ళచక్రం చిన్నదయ్యేకొద్దీ మోటారు చైన్‌ని ఇంకా గట్టిగా లాగుతుంది, వెనకది పెద్దదయ్యేకొద్దీ ఆ లాగుడు డొక్కని ఇంకా గట్టిగా మెలితిప్పుతుంది. ఆ మెలి అంతా భరించాల్సింది లోపలున్న, బొటనవేలి గోరంత పళ్ళ చక్రాలు. ఏనాడో ఒక బడిపంతులు కాళ్ళ బలానికి చేసిన సరుకు అది. వీరరాఘవయ్య తన బతుకులో అలాంటి డొక్క విప్పి చూసినవాడు కాదు. విప్పి చూడలేదని చెప్పడం ఆయన నోటికి చేతకాదు.

"అంగన్‌వాడీలో పిల్లలకి చెప్పుకో ఈ పాఠాలు" అన్నాడు.

పెద్దన్నయ్య మాట. దుర్గాంబ స్టాండేసి అవతల నించుంది. ఆయన ముందున్న పళ్ళచక్రం తీసి పిల్లల సైకిల్‌ది చిన్నది వేశాడు, వెనక పద్దెనిమిది పళ్ళది తీసి ఇరవైరెండు పళ్ళది ఎక్కించాడు. "మెరక మీద గేరు మార్చేటప్పుడు మోటారు ఆపాలా?" అని ఆవిడ అడిగితే, "ఆపితే ఇంక మోటారెందుకు, లాగుతుండగానే మార్చెయ్" అని సెలవిచ్చాడు.

బండి ఎక్కింది. అదే వచ్చిన చిక్కు, మహా బాగా ఎక్కింది. దుర్గాంబ పెడల్ మీద పాదం ఊరికే ఆనించి కూర్చుంటే, మెరక దానంతటదే కిందికి జారిపోయింది. పిల్లలకంటే ముందే తలుపు తీసి, ఊడ్చి, నీళ్ళు పట్టి పెట్టింది. వీరరాఘవయ్య ఇక స్టూలు మీద కూర్చోలేకపోయాడు. టీకొట్టు దగ్గరా, బస్టాండు దగ్గరా ఆపినవాణ్ణి ఆపినట్టు చెప్పాడు. బెజవాడోడికి బుద్ధి చెప్పానన్నాడు. నందిగామ పంక్చర్లోణ్ణి వచ్చి చూసి నేర్చుకోమని కబురు కూడా పెట్టాడు.

వానలు పట్టేవరకు ఆ వైభోగం సాగింది. ఒక పొద్దున మెరక సగంలో, అన్న చెప్పినట్టే మోటారు లాగుతుండగా దుర్గాంబ గేరు మార్చింది. డొక్కలో రాళ్ళు నమిలిన చప్పుడయింది. పెడల్స్ ఊరికే తిరిగాయి, మోటారు ఊరికే అరిచింది, బండి వెనక్కి జారింది. ఆవిడ బ్రేకు నొక్కేలోపే బురదలో పక్కకి పడింది, మోకాలి మీదే పడింది. బ్యాటరీతో బండి మామూలు సైకిల్‌కి రెండింతల బరువు. దాన్ని తోసుకుంటూ, చీరంతా బురదతో, ఆవిడ ఊళ్ళోకి చేరేసరికి పిల్లలు వానలో చూరు కింద నక్కి ఉన్నారు. వాళ్ళ పక్కన గొడుగు పట్టుకుని సూపర్‌వైజర్ నించుని ఉంది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. తిట్టలేదు. నెలాఖరు వరకు చూస్తానని మాత్రం చెప్పింది.

సాయంత్రం బండిని ఆటోలో వేసుకుని దుర్గాంబ షాపుకొచ్చింది. వీరరాఘవయ్య అప్పుడు విప్పాడు డొక్కని, మొట్టమొదటిసారి. లోపల పళ్ళన్నీ నుసి నుసి అయి, నల్లటి గ్రీజులో ఇసకలా కలిసిపోయి ఉన్నాయి. తప్పు ఎక్కడుందో ఆ క్షణంలో ఆయనకి తెలిసింది, ఆ సంగతి దాచడానికి సొంత చెల్లెలి ముందు కూడా సిగ్గుపడలేదు.

"కుళ్ళిపోయిన సరుకు. మీ మామ బతుకే అంత, ఆయన సైకిల్ ఇంకేం ఉంటది" అన్నాడు.

దుర్గాంబ మోకాలికి కట్టిన గుడ్డ తడిసి ఎర్రగా ఉంది. దాని గురించి ఆయన అడగలేదు.

"ఆ ముక్కలన్నీ ఒక కవర్లో వెయ్యన్నయ్యా" అంది.

మర్నాడే బండి నందిగామ వెళ్ళింది. సాంబయ్య ఆ ముక్కలు చూసి, "ఇది నాకు తెలీదక్కా. అడుగుదాం" అన్నాడు. తెలీదన్నందుకు ఆకాశమేం విరిగి పడలేదు. బెజవాడ షాపుకి ఫోన్ చేసి, చెప్పినదంతా విని, అర్థంకాని చోట మళ్ళీ అడిగాడు. పాత సామాన్ల బజారులో అలాంటిదే ఇంకో డొక్క వెతికి తెప్పించాడు. ముందు పెద్ద పళ్ళచక్రం, వెనక చిన్నది, మొదట ఉన్నట్టే పెట్టాడు. మెరక మొదట్లోనే గేరు తగ్గించుకోమన్నాడు, మార్చేముందు మోటారు ఆపెయ్యమన్నాడు. బండి మునుపటంత పొగరుగా ఎక్కలేదు. ఆవిడ కూడా కాస్త తొక్కాల్సొచ్చింది. కానీ నెలాఖరు దాటింది, తలుపు రోజూ వేళకే తెరుచుకుంది.

ఆ బండి పొద్దునా సాయంత్రం వీరరాఘవయ్య షాపు ముందునుంచే పోవాలి, పెనుగంచిప్రోలు వైపు పోవాలన్నా ముందు నందిగామ రోడ్డే ఎక్కాలి, వేరే దారి లేదు. ఆయన స్టూలు మీద కూర్చుని చెవి రిక్కించేవాడు. "విరుగుద్ది చూడండి. పంక్చర్లోడు కట్టిన బండి ఎన్నాళ్ళుంటది" అనేవాడు పక్కవాళ్ళతో. విరిగితే పోయేది సొంత చెల్లెలి ఉద్యోగమని ఆయనకి తెలుసు. తెలిసే కోరుకున్నాడు. మనిషి తన మాట నెగ్గడానికి ఎంత కిందికి దిగుతాడో చూడాలంటే ఆ రోజుల్లో ఆ స్టూలు దగ్గరికి వెళ్తే చాలు.

సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున బండి సరిగ్గా షాపు ముందే ఆగిపోయింది. దుర్గాంబ దిగింది. వీరరాఘవయ్య ఎదురుచూసిన రోజు రానే వచ్చింది. రెంచి తీసుకుని, పక్కవాళ్ళందరికీ వినపడేలా, "వచ్చావా? చెప్పానా నేను? అక్కడ స్టాండెయ్" అంటూ లేచాడు.

"ఏం పాడవలేదన్నయ్యా. ముందు టైర్లో గాలి తగ్గింది" అంది దుర్గాంబ. "పంపు ఇటివ్వు, నేనే కొట్టుకుంటా."

ఆయన వంగి చక్రం మీద చెయ్యి వెయ్యబోయాడు.

"నువ్వు ముట్టుకోవద్దు. పిల్లలొచ్చే వేళయింది."

కోపంగా అనలేదు. వేడిపాలగిన్నె దగ్గరికొచ్చిన పసివాడికి చెప్పినట్టు మామూలుగా చెప్పింది. వీరరాఘవయ్య పంపు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ గాలి కొట్టుకుంటున్నంతసేపూ, రెంచి చేత్తో పట్టుకుని, తన షాపు ముందే అవతల నించున్నాడు.