పసుపు కింద రంధ్రం

అప్పుడు నేను డిగ్రీ చివరి ఏడాది. కార్ఖానా బస్తీలోని మా ఇంట్లో తాత తుపాకీ ఉండేది. తాత సైన్యం నుంచి రిటైరైన రోజు ఆయన పల్టన్ వాళ్లు జ్ఞాపకంగా ఇచ్చారట. యుద్ధంలో తాత శత్రువులను కాల్చింది దానితోనేనని నాన్న అందరికీ చెప్పేవాడు. ఏటా దసరాకు ఆయుధపూజలో పెట్టిన పసుపు దాని గొట్టానికి గట్టిగా అంటుకుపోయింది.

ఆ తుపాకీ చరిత్ర రాయాలని నా కోరిక. ఎలాగో ధైర్యం చేసి, పాత ఆయుధాల గురించి తెలిసిన మా హిస్టరీ మేడమ్‌ను పూజకు పిలిచాను. చుట్టాలందరి ముందు ఆమె పసుపు గీకారు. కింద ఒక రంధ్రం బయటపడింది.

"ఇది కవాతు నేర్పే తుపాకీ. పేలకుండా గొట్టానికి రంధ్రం చేశారు," అన్నారు.

మామయ్య పకపకా నవ్వాడు. "ఏంది బావా, గిన్నేండ్ల సంది మాతోని ఉత్త కట్టెకు మొక్కిచ్చినవా?"

నాన్న నా మీద విరుచుకుపడ్డాడు. "ఆమెను నిన్నెవరు పిల్వమన్నరే? మా నాయిన ఇజ్జత్ తీసినవ్!"

"నేను పోరగాళ్లకు కవాతు నేర్పినోణ్ని," అన్నాడు తాత మెల్లగా. "లడాయికి పోయిన్నని నేనెప్పుడన్న చెప్పిన్నారా? నువ్వే చెప్పుకున్నవ్."

తుపాకీ చరిత్ర తెలిసింది. నాన్నకు కావలసింది తాత కాదని కూడా ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఇంటికొచ్చినవాళ్లకు తాతను పరిచయం చేయడం నాన్న మానేశాడు.