మా సందు చెత్తకు నేను పెట్టిన పరీక్ష

నిశ్చయంగా తెలిసిన వాటిని ముందు చెబుతాను, విన్నవాటిని పక్కన పెడతాను. చెత్త గురించి రాసేటప్పుడు ఈ వేరుచేత సముచితంగానే ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నాంపల్లి స్టేషను నుంచి ఆబిడ్స్‌కు వచ్చే దారిలో ఒక సందులో, పాత మేడ మొదటి అంతస్తులో నేను కిరాయికి ఉండేవాణ్ని. ఇది నిశ్చయం. ఒక ప్రయోగశాలలో నీటి నమూనాలను పరీక్షించడం నా ఉద్యోగం. ఇదీ నిశ్చయమే. సందులో ప్రతి ఇంటి ముందూ రెండు డబ్బాలు ఉండేవి: తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది. పొద్దున్నే బండి తోసుకుంటూ వచ్చే చెత్తబండి ఆమె ఆ రెండు డబ్బాలనూ ఒకే బండిలో బోర్లించేది. దీన్ని బాల్కనీలోంచి నా కళ్లతో చూశాను. ఆ తర్వాత ఎక్కడో కూర్చుని ఆమె దాన్నంతా మళ్లీ వేరుచేస్తుందన్నది మాత్రం వినికిడి. ఊరి బయటి డంపులో బంగారం దొరుకుతుందన్నదీ వినికిడే. ఈ రెంటినీ నేను ఒకే గాటన కట్టాను. వృత్తిరీత్యా చాలా వర్గీకరణలు చేశాను గానీ, ఇంత అధ్వానమైనది మరొకటి గుర్తులేదు.

డబ్బాలు పెట్టించింది మా సందు సంఘం. దానికి అధ్యక్షుడు ఆబిడ్స్‌లో తాతల నాటి బట్టల దుకాణం నడిపే పెద్దమనిషి. ఆ ఏడాది ఒక కాంట్రాక్టరు ఆయన దగ్గరికి వచ్చి, తన ఆటో ట్రాలీకి సందు మొత్తం అప్పగిస్తే శుభ్రంగా ఎత్తుకుపోతానన్నాడు. అప్పగిస్తే చెత్తబండి ఆమె సందు పోతుంది. సందు పోవడమంటే ఏమిటో అప్పటికి నాకు అర్థం కాలేదు. మా కింది వాటాలో ఉండే టీచరమ్మ చెప్పింది. ఆవిడ మెదక్‌లో పుట్టి, మిషన్ బడుల్లో ముప్పై ఏళ్లు చదువు చెప్పి రిటైరైంది.

"ఈ గల్లీ ఆమెకు అత్త ఇచ్చింది, బాబూ. పెండ్లినాడు కోడలికి నగ పెడతరు గద, గట్ల. అత్త ఊడ్చిన గల్లీ కోడలిది. దీన్ని తీసుకుంటే ఆమెకు ఏముంటది?"

"అమ్మా, ఆమె రెండు డబ్బాలూ కలిపేస్తోంది. మనం ఇంట్లో వేరుచేసిందంతా వృథా."

"మళ్ల వేరు చేస్తది."

"మీరు చూశారా?"

టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "చూడలేదు. ఆమె చెప్పింది."

"అయితే అది సాక్ష్యం కాదు," అన్నాను. ఆ వాక్యం అప్పట్లో నాకు ఎంత ఇష్టంగా ఉండేదో! సంఘం సమావేశంలో లేచి, నిర్ణయానికి ముందు శాస్త్రీయమైన పరీక్ష జరగాలని కూడా అన్నాను. అధ్యక్షుడు సంతోషించాడు. "సారు సైంటిస్టు. సారు ఏది రాసిస్తే గది," అన్నాడు. ఆ విధంగా ఒక మనిషి బతుకుతెరువు నా నివేదిక చివరకు వచ్చి వేలాడింది. అంత బరువు మోస్తున్న నాకు, దాని బరువు ఒక్క గ్రాము కూడా తెలియలేదు.

పరీక్షను చాలా జాగ్రత్తగా రూపొందించాను. పొడి చెత్తలోని వస్తువులకు గుర్తు పెట్టాలి, కానీ ఆ గుర్తు ఆమెకు కనబడకూడదు. కనబడితే జాగ్రత్తపడుతుంది, ఫలితం చెడుతుంది. ప్రయోగశాలలో గడువు దాటి మూల పడి ఉన్న సిల్వర్ నైట్రేట్ సీసా ఇంటికి తెచ్చుకున్నాను. అది నీళ్లలాగే ఉంటుంది. కాగితం మీద చుక్క పెడితే ముందు ఏమీ తెలియదు, వెలుతురు తగిలాక నల్లబడుతుంది. ఆరు రోజుల పాటు తెల్లవారుజామున లేచి, నీలం డబ్బాలో వేసే కాగితాలకూ సీసాలకూ అట్టపెట్టెలకూ సన్నని కుంచెతో మూడేసి చుక్కలు పెట్టి మూత వేశాను. కాగితాల్లో ఎక్కువ భాగం నా పరిశోధన గ్రంథం టైపు ప్రతే. పేరున్న పైపేజీ చించేసి, పేజీల మూలల్లో చుక్కలు పెట్టి కట్టకట్టే వేశాను. పదేళ్లుగా బీరువాపైన దుమ్ము పట్టిన దానికి విజ్ఞానానికి ఉపయోగపడే మొదటి అవకాశం అదే.

ఏడో రోజు డంపుకు వెళ్లాను. పరికల్పన సరళమైనది: కలిపినది కలిపినట్టే పోతే, నా చుక్కలు అక్కడ కనబడాలి. మా పేట చెత్త ఎక్కించుకున్న లారీ వెనక స్కూటరు మీద బషీర్‌బాగ్ మీదుగా ఊరు దాటేసరికి, ముక్కుకు కట్టుకున్న దస్తీ గోధుమరంగుకు తిరిగింది.

చెత్తను ఎలా పూడ్చాలో పుస్తకాల్లో చదివాను. అడుగున నీరు దిగని పొర, ప్రతిరోజూ పైన మట్టి పొర, లోపల పుట్టే వాయువును బయటికి తెచ్చే గొట్టాలు. అన్నిటికంటే ముందు, పూడ్చనవసరం లేనిదేదీ అక్కడికి చేరకూడదు. నా ఎదుట ఉన్నది మాత్రం ఒక గుట్ట. అక్కడక్కడా పొగ వస్తోంది, పైన కొంగలు నడుస్తున్నాయి. లారీ తొట్టి పైకి లేచి మా సందు బతుకంతా ఒక్కసారిగా జారింది. నేను తెల్లకోటు తొడుక్కుని, చేతికి తొడుగులు వేసుకుని, కర్రతో వెతకసాగాను. అక్కడ ఏరుకునే ఆడవాళ్లు పనులు ఆపి చూశారు. వాళ్లలో పెద్దావిడ దగ్గరికొచ్చింది.

"ఏం పోయింది, సారూ? పుస్తెలతాడా?"

"కాదమ్మా."

"ఉంగరమా? గట్లయితే సింకు కాడి చెత్తల చూడాలె. గీ దిక్కు కాదు." నేను జవాబివ్వకముందే ఆమె కేకేసింది: "ఏయ్, రాండ్రే! సారు ఇంట్లోళ్లది బంగారం పోయిందంట!"

పదిమంది చుట్టూ చేరారు. నా కర్ర తీసేసుకున్నారు. నాకన్నా పది రెట్లు వేగంగా, పది రెట్లు పద్ధతిగా మా పేట చెత్తనంతా తిరగేశారు. చివరికి నిజం చెప్పక తప్పలేదు.

"బంగారం కాదు. కాగితాలు, సీసాలు, అట్టపెట్టెలు. నల్లచుక్కలున్నవి."

పెద్దావిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"కాగితాల కోసం గీడిదాకా వచ్చినవా? గీడికి మంచి కాగితం యాడికెళ్లొస్తది, సారూ? గల్లీలల్లనే ఏరుకుంటరు. మాకొచ్చేది గీ పిప్పే. నువ్వు ఊకె పెట్రోలు కాలవెట్టుకున్నవ్."

ప్రశ్నకు సంపూర్ణమైన జవాబు అది. ఆ విషయంలో ఆ గుట్ట మీద అంతకంటే నిపుణులు లేరు. నేను నోటుపుస్తకం తీసి ఇలా రాసుకున్నాను: "నోటిమాట. ఆధారం లేదు. గుర్తు పెట్టిన వస్తువులేవీ దొరకలేదు. గుట్టలో కూరుకుపోయి ఉండవచ్చు." దొరకకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చునని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. నాకు మాత్రం ఒకటే తోచింది, అది నా బాల్కనీలోంచి కనబడినది.

మర్నాడు పొద్దున చెత్తబండి ఆమె మా తలుపు కొట్టింది. కుడిచేయి చాపి చూపించింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసల్లో నల్లని మచ్చలు. గోళ్లు కూడా నల్లబడ్డాయి.

"సారూ, మీరు మందుల ఆఫీసుల పని చేస్తరంట గద. జర చూడుండ్రి. సబ్బుతోని రుద్దిన, బూడిదతోని రుద్దిన, పోతలేవు. ఏమన్న పెద్ద రోగమా?"

నేను ఆ చేతిని చూశాను. కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాను. చర్మవ్యాధి కావచ్చునన్నాను. చెత్తను ఉత్తచేతులతో ముట్టుకోవడం వల్ల కలిగే ప్రమాదాల గురించి నాలుగు మాటలు చెప్పాను, చేతి తొడుగుల ప్రాముఖ్యాన్ని వివరించాను, దవాఖానకు వెళ్లమన్నాను. ఇదంతా వివరించేటప్పుడు ఆడించిన నా వేళ్లకూ అవే మచ్చలున్నాయి. ప్రయోగశాలలో పనిచేసేవాడికి వేళ్లు నల్లబడటం కొత్త కాదు గనుక వాటిని నేను పట్టించుకోలేదు. ఆమె తన వేళ్లనే చూసుకుంటూ మెట్లు దిగిపోయింది.

అంటే, నేను ముప్పై కిలోమీటర్లు వెళ్లి వెతికిన సాక్ష్యం నడిచి వచ్చి నా తలుపు కొట్టి, అరచేయి చాపి, తానేమిటో చెప్పమని నన్నే అడిగింది. నేను దాన్ని దవాఖానకు పంపాను.

నివేదిక ఆదివారం సాయంత్రం చదివాను. మూడు పేజీలు. "వేరుచేత జరుగుతున్నట్టు ఎటువంటి ఆధారమూ లభించలేదు" అన్నది చివరి వాక్యం. టీచరమ్మ ఒక్కతే చేయెత్తలేదు. వారం తిరిగేసరికి ఆటో ట్రాలీ వచ్చింది. హారను కొట్టేది, నిమిషం ఆగేది, వెళ్లిపోయేది. టీచరమ్మ దానికి ఒక్క చిత్తుకాగితం కూడా ఇవ్వలేదు. సీసాలు, పేపర్లు, పాలపాకెట్లు కడిగి ఆరబెట్టి వరండాలో పేర్చుకుంది. "ఎన్నాళ్లు పేరుస్తారమ్మా?" అని అడిగితే, "నువ్వు ఇంకో పరీక్ష పెట్టేదాక," అంది.

ఆ పరీక్ష నేను పెట్టలేదు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ పెట్టింది. ఆదివారాల్లో దుకాణాలు మూసి ఉన్నప్పుడు వాటి ముందు పాత పుస్తకాలు పరుస్తారు. ఆటో వచ్చిన రెండో ఆదివారం, రసాయనశాస్త్రం పుస్తకాల కట్టలో, పైపేజీ చిరిగిన ఒక టైపు ప్రతి కనబడింది. తెరిచాను. ప్రతి పేజీ మూలలోనూ మూడు నల్లచుక్కలు.

"మంచి మాలు, సారూ," అన్నాడు అమ్మేవాడు. "ఎవ్వరూ చదవలేదు. చూడుండ్రి, కొత్తగనే ఉంది."

"ఇది మీకెక్కడిది?"

"నాంపల్లి దిక్కు ఒకామె తెస్తుండె. కాగితం తడవకుంట వేరే సంచిల పెట్టి తెస్తుండె. ఇప్పుడు వస్తలేదు. పాపం, గల్లీ పోయిందంట. ఎవడో సైంటిస్టు రాసిండంట."

నా గ్రంథాన్ని నేనే బేరమాడి కొనుక్కున్నాను. ఇన్నేళ్లలో దాన్ని కావాలని అడిగిన పాఠకుణ్ని నేనొక్కణ్నే. సంచిలో పెట్టుకుంటుంటే గోళ్ల అంచుల్లో మిగిలిన నలుపు కనబడింది. కాగితం మీద చుక్క, నా గోటి మీద మచ్చ, తలుపు దగ్గర చాపిన చేయి. మూడూ ఒకే సీసాలోంచి వచ్చాయని తేల్చుకోవడానికి ప్రయోగశాల అవసరం పడలేదు. తడిచేత్తో ఒక్కొక్క వస్తువునూ పట్టుకుని వేరుచేస్తే తప్ప ఆ మచ్చలు పడవు.

ఆమె గౌలిగూడలో ఒక పాతసామాను గోదాములో కూలికి ఏరుతోందని టీచరమ్మ చెప్పింది. వెళ్లాను. ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్న వాక్యాలన్నీ మరిచిపోయి, ఊరికే నా వేళ్లు చూపించాను. ఆమె మొహంలో జాలి కనబడింది.

"అయ్యో! మీకూ తాకిందా, సారూ, ఈ రోగం?"

"రోగం కాదమ్మా. నేను పెట్టిందే. నువ్వు వేరుచేస్తున్నావో లేదో చూడటానికి చెత్తకు మందు రాశాను."

ఆమె చేతిలో ఉన్న సీసాను దాని సంచిలో వేసింది. ఆ తర్వాతే మాట్లాడింది.

"దవాఖానల లైన్ల నిలబడ్డ. మలాం ఇచ్చిన్రు. ఇంట్ల ఎవ్వరు నా చేతి బువ్వ తినలే, అంటుకుంటదని." ఇంకో సీసా అందుకుంది. "గంత ఫికరుంటే, నాతోని వస్తే చూపిస్తుంటి గద. స్టేషను ఎనక గోడకాడ కూసుంటుంటి. దాచిపెట్టినానా?"

నిజమే. మా ఇంటి నుంచి ఆ గోడ దాకా నడిచివెళ్లవచ్చు. అడగడమూ ఒక పరిశోధన పద్ధతే అన్న సంగతి నా పరికల్పనలో లేదు.

"మరి డబ్బాలు రెండూ కలిపేశావెందుకు?"

"మీ రెండు డబ్బాలు నాకెందుకు, సారూ? నాయి పదకొండు సంచులు. పొడి అని మీరు ఏస్తరు, పాలపాకెట్లు కారుతనే ఉంటయి. తడి అని ఏసిన దాంట్ల చెమ్చాలుంటయి. మీరు చేసిందాన్ని నేను మళ్ల చెయ్యాల్సిందే. అందుకే ఒక్కకాడనే ఏస్తుంటి."

నా రెండో నివేదిక ఒకటే పేజీ. సంఘం ముందు నిలబడి, మొదటిది తప్పని, ఎలా తప్పో, ఎవరి వేళ్ల మీద తప్పో చదివాను. అధ్యక్షుడు తలపట్టుకున్నాడు.

"సారూ, మీ సైన్సు మొన్న ఒకటి చెప్పె, ఇయ్యాల ఇంకోటి చెప్పె. మేమేం చెయ్యాలె?"

"మొన్న చెప్పింది సైన్సు కాదు," అంది టీచరమ్మ. "ఆయన చెప్పిండు."

ఆటోవాడు కూడా ఇంటింటికీ దిగి డబ్బాలెత్తలేనని విసుక్కుంటూ ఉండటంతో తీర్మానం తేలికైంది. సందు మళ్లీ ఆమెకు వచ్చింది. మొదటిరోజు టీచరమ్మ వరండా ఖాళీ చేయడానికే రెండు బండ్లు పట్టింది. డబ్బాలు మాత్రం తీయించేశారు. ఆకుపచ్చ దాంట్లో నేను తులసి నాటాను. తప్పు చేసినవాడు ఏదో ఒకటి పెంచుకోవాలి గదా.

ఒక ప్రశ్న మిగిలిపోయింది. మా సందు చెత్తలో ఎంత భాగం ఆ గుట్టకు చేరకుండా ఆమె చేతుల్లోనే ఆగిపోయేది? సగమా, అంతకన్నా ఎక్కువా? అది తెలిస్తే, పైన మట్టి పోయడం గురించీ కింద పొర పరచడం గురించీ నేను చదివిన పుస్తకాలు ఎక్కడ మొదలుపెట్టి ఉండాల్సిందో తెలిసేది. ఒకరోజు ప్రయోగశాల త్రాసు తీసుకుని స్టేషను వెనక గోడ దగ్గరికి పోయి, పదకొండు సంచులనూ ఒక్క వారం తూస్తానని అడిగాను. ఈసారి అడిగాను.

ఆమె త్రాసు వైపు చూసింది, నా వేళ్ల వైపు చూసింది.

"వద్దు సారూ," అంది. "మీరు తూస్తుంటె నాకు ఎండెక్కుతది."

అందుకే ఆ అంకె నా దగ్గర లేదు. ఊహించి చెప్పవచ్చు గానీ, అది సాక్ష్యం కాదు.