పడుకోబెట్టని బొమ్మ

దసరా వెళ్ళిన మర్నాడు కొలువు తీసేసి, బొమ్మల్ని పాత పేపర్లలో చుట్టి యాపిల్ పళ్ళ అట్టపెట్టెల్లో సర్దుతున్నాను. మా అమ్మాయి టీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మామ్, యూ ఫర్‌గాట్ దిస్ ఫెల్లా" అంది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషులో, మేముండే ఈ పరదేశపు ఊరు మెయ్‌నూత్ యాసలోనే వస్తుంది. అది చూపించింది కిటికీ గట్టు మీదున్న బొమ్మని. జానెడు ఎత్తు, ఎర్రటి అంగీ, తల మీద కిరీటం, చేతిలో చిన్న భూగోళం, మెడ చుట్టూ జరీ పట్టీ. మర్చిపోలేదే, ఈ ఏడు ఆయన పెట్టెలోకి వెళ్ళడు అన్నాను. "గ్రాండ్" అని, అంటే ఇక్కడి భాషలో సరేనని, వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళడని అడుగుతుందేమో అని కాసేపు చూశాను. అడిగితే చెబుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు కనక మీకు చెబుతున్నాను, వినండి.

మా అమ్మాయి ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో మా ఇంటి పైగదిలో ఒక అక్క ఉండేది. తోడబుట్టిన అక్క కాదు. మా ఆయన పక్కూరు లీక్స్‌లిప్‌లో ఉద్యోగంలో కొత్తగా చేరాడు. ఇంటద్దె తలుచుకుంటే గుండె గుభేలుమనేది. అందుకని ఇంటి ఓనర్ని అడిగి పైగది ఆవిడకిచ్చాం. గుంటూరు పక్క పల్లెటూరు, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. వచ్చిన రోజే మా వంటింట్లో సింకు కింద అలమారా తెరిచింది. ఇక్కడ అలమారాని ప్రెస్ అంటారు. అందులో నేను దాచిన ఖాళీ జాము సీసాలన్నీ చూసి, "ఏ వస్తువూ పారెయ్యవా? అయితే నువ్వూ నేనూ ఒకటేనమ్మా" అంది. నాలుగు రోజుల్లో ఆ సీసాలకి పాత లేసు చుట్టి, లోపల కొవ్వొత్తులు పెట్టి మెట్ల పక్కన వరసగా దీపాలు చేసింది. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు. ఊరికే కూర్చుంటే కూతురు గుర్తొస్తుందని నాకు తర్వాత తెలిసింది. మూడేళ్ళ పిల్లని భర్త దగ్గర, అత్తగారి దగ్గర వదిలి వచ్చింది. వాళ్ళ వీసాలు ఇవాళా రేపూ అంటూ సాగుతూనే ఉన్నాయి.

సెలవు దొరికిందంటే ఇద్దరం ఛారిటీ షాపుల మీద పడేవాళ్ళం. జనం తమకి అక్కర్లేనివి ఇచ్చేస్తే, అవి అమ్మి ఆ డబ్బు ధర్మకార్యాలకి వాడే కొట్లవి. నేను పిల్లని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని వెళ్ళి, వచ్చేటప్పుడు బండి నిండా సామాను, చంకలో పిల్లతో వచ్చేదాన్ని. "ఇది ఇల్లా, పాత సామాన్ల గోడౌనా?" అని మా ఆయన విసుక్కునేవాడు. ఆయన కూర్చున్న సోఫా మీద గలీబు కూడా అక్కడిదే అని అక్క గుర్తుచేసేది.

ఆ ఏడు దసరాకి నాకు బొమ్మల కొలువు మీద మనసు లాగింది. చిన్నప్పుడు మా అమ్మ తొమ్మిది మెట్ల కొలువు పెట్టేది. అందులో ఒక్క బొమ్మ కూడా నా వెంట తెచ్చుకోలేదు. విమానంలో పెట్టెల బరువుకి కారం, పచ్చళ్ళే సరిపోయాయి. అక్కతో అంటే, "అందుకు ఏడవడమెందుకు, బొమ్మల్లేని కొట్టుందా ఈ ఊళ్ళో?" అంది. పళ్ళ పెట్టెలు బోర్లించి మెట్లు కట్టాం, ఎవరిదో పాత తెల్ల కర్టెను పరిచాం. పింగాణీ బాతులు, గొర్రెలు, గడ్డి కప్పు ఇల్లు తెచ్చి పల్లెటూరు చేశాం. పెళ్ళి కేకు మీద పెట్టే జంట దొరికితే, అమ్మాయి తెల్ల గౌను మీద ఎర్ర చీర పేలిక చుట్టి బొమ్మల పెళ్ళి చేశాం. తోటల్లో పెట్టుకునే పొట్టి గడ్డపాయన్ని కిరాణా కొట్లో కూర్చోబెట్టి ముందు కందిపప్పు పోశాం. షాపులన్నీ హాలోవీన్ సరుకుతో నిండి ఉన్నాయి కనక, నారింజరంగు పేపరు నాప్‌కిన్లు కత్తిరించి బంతిపూలు చేశాం. మామిడాకులు ఎక్కడివి? పెరటి కంచెలో లారెల్ ఆకులు కోసి తోరణం కట్టింది అక్క. దూరం నించి చూస్తే అచ్చం మామిడాకులే. దగ్గరికొచ్చి వాసన చూసినవాళ్ళకి మాత్రం దొరికిపోతాం.

ఈ బొమ్మని నేనే తెచ్చాను, అక్క డ్యూటీలో ఉన్నప్పుడు. కిరీటం చూసి రాకుమారుడనుకున్నాను. మధ్య మెట్టు మీద సబ్బుపెట్టెతో సింహాసనం చేసి దాని మీద పెట్టి, అటూ ఇటూ తుపాకుల సిపాయిల్ని నిలబెట్టాను. సాయంత్రం అక్క యూనిఫారంలోనే వచ్చి చూసి, "ఎవరమ్మా ఈ బాబు?" అంది. రాకుమారుడక్కా, ఇవాళ పట్టాభిషేకం అన్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "రాకుమారుడంట! బాలయేసమ్మా ఈయన. మా ఊరి పక్కన గుడి కట్టి మొక్కుతాం." నేను గబగబా లెంపలేసుకున్నాను. "లెంపలెందుకు? పైమెట్టు ఎక్కించు. దేవుళ్ళుండేది ఆడనేగా" అంది. అలా ఆయన వినాయకుడి పక్కన చేరాడు.

ఎక్కించేటప్పుడు చూస్తే మెడ చుట్టూ సన్నగా అతుకు. ఎప్పుడో తల ఊడితే ఎవరో అతికించారు. విరిగిన బొమ్మ కొలువులో పనికిరాదని మా అమ్మ పట్టింపు. నా ప్రాణం ఉసూరుమంది. మర్నాడు అక్క తన వార్డులో ఉన్న ఇక్కడి పెద్దావిడని అడిగి వచ్చింది. ఇక్కడివాళ్ళకి ఆయన తల దానంతటది ఊడితే ఇంకా శుభమట. పెళ్ళి ముందురోజు సాయంత్రం ఆయన్ని కంచె కింద పెడితే మర్నాడు వాన రాదట. "ఒక ఊళ్ళో తప్పయింది ఇంకో ఊళ్ళో ఒప్పయింది. మనం యాడున్నామో ఆడ లెక్క" అని, నా చిరిగిన పట్టుచీర అంచు కత్తిరించి, అతుకు కనపడకుండా మెడకి జరీ పట్టీ కుట్టింది. మా అమ్మ ఉంటే ఏమనేదో గానీ, నాకు మాత్రం ఆ పట్టీతో బెంగ తీరింది.

కొలువు ఆఖరి రోజు సాయంత్రం హారతిచ్చి, ఒక బొమ్మని పడుకోబెట్టాలి. దాంతో బొమ్మలన్నీ నిద్రపోయినట్టు. మర్నాడు పెట్టెల్లో సర్దేస్తే మళ్ళీ ఏడాదికే మెలకువ. పెళ్ళికూతుర్ని పడుకోబెట్టాను. అప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది. అంతవరకూ ఆవిడ గొంతు అలా పలకడం నేను వినలేదు. "ఈయన్ని మాత్రం పెట్టెలో పెట్టొద్దమ్మా. మా పాప వచ్చేదాకా మెలకువగా ఉండనీ" అంది. కిటికీ గట్టు మీద పెట్టేశాం. ఆ దసరా నించి పై దసరా దాకా, ఆపైన ఇంకో దసరా దాకా ఆయన వీధికేసి చూస్తూనే ఉన్నాడు. డ్యూటీకి వెళ్తూ అక్క ఆయన మీద దుమ్ము తుడిచి వెళ్ళేది.

చివరికి వీసాలొచ్చాయి. పాప దిగే ముందురోజు సాయంత్రం అక్క ఆయన్ని తీసుకెళ్ళి లారెల్ కంచె కింద పెట్టింది. పిల్ల మొదటిసారి ఈ దేశం చూసేటప్పుడు ఎండ కాయాలని ఆవిడ ఆశ. తెల్లారేసరికి కుండపోత. ఆయన తడిసి, జరీ పట్టీ రంగు కారి, గడ్డిలో పడి ఉన్నాడు. పాపకి అప్పటికి ఆరేళ్ళు. ఎయిర్‌పోర్టు నించి ఇంటికొచ్చేదాకా తండ్రి చొక్కా వదల్లేదట. అమ్మ దగ్గరికి రమ్మంటే మొహం తిప్పేసుకుంది. రోజూ ఫొటోలో చూసిన మొహమే, అయినా కొత్త చేసింది. అక్క చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. నేను తడి బొమ్మని తెచ్చి బల్ల మీద పెట్టాను. పిల్ల చాలాసేపు చూసి, తండ్రిని వదిలి వచ్చి, గౌను అంచుతో ఆయన మొహం తుడిచింది. "అమ్మా, ఈ బాబుకి చలేస్తంది, తువ్వాలియ్యి" అంది. అక్క తువ్వాలు తేలేదు. అక్కడే కూలబడి పిల్లని వాటేసుకుంది.

ఆ దసరాకి ఆయన్ని పాప చేతే పడుకోబెట్టించాం. తర్వాత వాళ్ళు కార్లో అనే ఊళ్ళో ఇల్లు తీసుకుని వెళ్ళిపోయారు. అయినా ప్రతి దసరాకీ అక్క ఒక కొత్త పాతబొమ్మ పట్టుకుని వచ్చేది, వచ్చి మెట్లు కట్టేది. పాప చదువు ముగించింది, ఈ జనవరిలో ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చింది. అక్క కూడా అక్కడ నర్సు పని చూసుకుని, సంసారం మొత్తం కట్టుకుని వెళ్ళింది. "ఒకసారి దానికి దూరంగా ఉండి చూశాగా, ఇంక నా వల్ల కాదమ్మా" అంది. బొమ్మని తీసుకెళ్ళమన్నాను. వద్దంది, ఆయనకి ఈ వాన అలవాటయిందంది.

ఈ ఏడు కొలువు నేనొక్కదాన్నే పెట్టాను. మెట్లు ఎంత సర్దినా ఒకవైపు ఒరుగుతూనే ఉన్నాయి. కంచె దగ్గరికి ఆకులకి వెళ్ళి, కొయ్యబుద్ధి కాక కాసేపు ఊరికే నిలబడి వచ్చాను. ఆఖరి రోజు పెళ్ళికూతుర్ని పడుకోబెట్టి, అక్కకి వీడియో కాల్ చేశాను. నా వెనక కిటికీలో ఆయన కనపడ్డాడు. "ఏందమ్మా, ఆయన్ని ఆడ పెట్టావు?" అంది. పెట్టెలో పెట్టబుద్ధి కాలేదక్కా అన్నాను. అక్క ఫోన్ దగ్గరికి జరిగి ఆయన్ని చూసింది. తర్వాత, "దుమ్ము తుడుస్తుండు" అని ఫోన్ పెట్టేసింది. అక్కడ వాళ్ళకి తెల్లారుతుంటే ఇక్కడ మాకు పొద్దుగూకుతుంది. ఆవిడ లేచేసరికి నేను పడుకోవాలి, నేను లేచేసరికి ఆవిడ నిద్రకి సిద్ధం. ఇద్దరం కలిసి మెలకువగా ఉండే కాలం తగ్గిపోయింది. అందుకే ఇంట్లో ఒకళ్ళైనా మెలకువగా ఉండాలని ఆయన్ని అక్కడ నిలబెట్టాను.