నిద్రపోని బండి

ఆ ఏడాది తొలి ఏకాదశికి మోత్కూరు బస్సెక్కినప్పుడు, నా మనసంతా హైదరాబాదు షెడ్డులో నిలబెట్టి వచ్చిన ఒక కారు మీదే ఉంది. అది నిద్రపోవడం లేదు.

కారు నిద్రపోవడమేందని మా ఇంట్లో అందరూ నవ్వేవారు. ఇప్పటి కార్లలో కెమెరాకు, తెరకు, తలుపులకు ఒక్కోదానికి ఒక చిన్న కంప్యూటరు పెట్టె ఉంటుంది. అవి ఈథర్నెట్ తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఇంజను ఆపి దిగిపోయాక అవన్నీ పడుకోవాలి, లేకుంటే బ్యాటరీని తాగేస్తాయి. అలాగని చచ్చినట్టు పడి ఉండకూడదు. తీగ మీద పిలుపు రాగానే లేవాలి. ఆ నిద్రను, ఆ మేలుకొలుపును ప్రోగ్రాముగా రాసే పని మా జట్టుది. మేం రాసిన బండి పడుకునేది, కాసేపటికే లేచేది, మళ్లీ పడుకునేది. నాలుగు రోజులు కదపకుంటే బ్యాటరీ ఖాళీ.

ఇది తొందరగా తేలకపోతే మా పద్ధతి తీసేసి, బండి ఆగగానే కరెంటు మొత్తం కోసేస్తామని పై అధికారి చెప్పేశాడు. అట్లా కోస్తే వెనుక కెమెరా లేవడానికి ఆలస్యమవుతుంది. రివర్సు గేరు వేసినవాడు తెర వెలిగేదాకా ఆగడు. వాకిట్లో ఆడే పిల్లలు నా కళ్లముందు మెదిలేవారు.

"మీ దేవుడు నాలుగు నెలలు పండుకుంటడు గదా అక్కా, గీ బండిని నాలుగు వారాలన్న పండవెట్టుమని మొక్కు" అన్నాడు ఆఫీసులో నా పక్క సీటు తమ్ముడు. వాడు ఎగతాళికే అన్నాడు. నేను నిజంగానే మొక్కుకున్నాను.

అమ్మవాళ్ల ఊళ్లో తొలి ఏకాదశి నాడు పొద్దంతా భజన. పొద్దుగూకే ముందు స్వామిని పడుకోబెట్టే పాట పాడి తాళాలు ఆపుతారు. భజనకు పెద్ద మా అవ్వ, అమ్మను కన్నతల్లి. ఆ ఏడు ఆమె గొంతు పోయింది. చిన్నప్పటి నుంచి ఆ మందిరంలోనే శ్లోకాలు నేర్చుకున్నదాన్ని కనుక ముగింపు పాట నన్నందుకోమంది.

పాట చివర, ఆపుదామా అన్నట్టు చెయ్యెత్తాను. అందరి వంక చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. చెయ్యి దించాను. తాళాలు ఆగాయి. ఆగగానే మా మేనమామ తాళం ఒక్కటే ఖంగుమంది. ఆయన కండ్లు మూసుకుని ఇంకా పాడుతూనే ఉన్నాడు. అది విని డోలక్ అందుకుంది, దాని వెంబడి అందరూ అందుకున్నారు.

"ఏందే, పండుకున్న దేవున్ని లేపినవా?" అంది అవ్వ, పోయిన గొంతుతోనే.

"అందరు ఊకున్నరు గదవ్వా, సరే అనుకున్న."

"ఊకున్నోళ్లందరు ఒప్పుకున్నోళ్లేనా? ఒక్కొక్కలు తాళం పైకెత్తి సూపెట్టాలె. అప్పుడు దించాలె చెయ్యి."

"నేనింక చరణంలనే ఉన్న. నన్ను ఇడిసిపెట్టి మీరెట్ల పోతరే?" అన్నాడు మామ. అందరూ ఒకటే నవ్వు.

పేలాల పిండి ప్రసాదం నోట్లో వేసుకుంటుంటే తట్టింది. మా తీగల నియమం కూడా నేను చేసినట్టే ఉంటుంది. ఒకటి 'పడుకుందాం' అని అడుగుతుంది. రెప్పపాటులో అవతలిది వద్దనకుంటే సరేనన్నట్టే లెక్క. వెనుక కెమెరా పెట్టె బండి ఆగాక కూడా చివరి బొమ్మలు దాచుకుంటూ ఉంటుంది. ఆ పనిలో వద్దని చెప్పే తీరిక దానికి లేదు. తీగ మూగబోయాక పని మిగిలిందని చూసుకుని అందరినీ లేపుతుంది. మేమేమో ఆ పిలుపును బయటి నుంచి తీగలోకి దూరిన చప్పుడనుకుని, దాన్ని వడకట్టడానికి వారాలు తగలేశాం.

హైదరాబాదు వెళ్లగానే చూస్తే, అందరినీ లేపుతున్నది నిజంగా కెమెరా పెట్టే. తీగ నియమాన్ని మార్చడం మా చేతిలో లేదు. పడుకుందామని అడిగే ముందే ప్రతి పెట్టె 'నా పని అయింది' అని చెప్పాలని రాశాం. ఒక్కటి చెప్పకున్నా ఎవరూ పడుకోరు. తర్వాత నాలుగు వారాలు కదపకూడదని బండిని షెడ్డులో పెట్టి తలుపు వేశాం.

స్వామిది యోగనిద్ర అని చదువుకున్నాను. కండ్లు మూసినా భక్తుని పిలుపు వింటాడని నమ్మి పెరిగాను. ఆ వారాల్లో ఆ మాట మీద చాలాసార్లు మనసు నిలిచింది. అలసిన లోకానికి నిద్ర ఇచ్చినవాడు దాన్ని మధ్యలో ఒంటరిగా వదలడు. వినే చెవి ఒక్కటి తెరిచే ఉంచుతాడు.

షెడ్డు తెరిచిన రోజు లోపల్లోపల నామం చెప్పుకుంటూ మీట నొక్కాను. ఇంజను అందుకుంది. రివర్సు వేశాను. గేరు మీంచి చెయ్యి తీయకముందే తెర మీద వెనుక జాగా అంతా కనబడింది. పక్క సీటు తమ్ముడు అక్కడ దుమ్ములో నిలబడి చెయ్యి పైకెత్తి ఉన్నాడు. నేను కిటికీలోంచి చెయ్యెత్తి చూపేదాకా దించలేదు.