కల్లం దగ్గరి హారను

ఆ రోజుల్లో మా వైపు పెళ్ళంటే ముందు మైకు సెట్టు, ఆ తర్వాతే పెళ్ళికొడుకు. పెళ్ళికొడుకు ఆలస్యమైతే ఎవరూ కంగారుపడేవాళ్ళు కాదు గానీ, మైకు రాకపోతే పెద్దమనుషులే బండి కట్టించేవాళ్ళు. ఆ సెట్టు మా పెదనాన్నది. మోసేవాణ్ణి నేను. చదువు లేదు (నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను, ఇది రాస్తున్నది ఆ చేత్తోనే, వంకరగా ఉంటే సర్దుకోండి). కానీ ఏ రంగు తీగ ఎక్కడ పెట్టాలో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి.

ఒకసారి మిరపకాయలు కల్లంలో ఎండుతున్నప్పుడు ఒక పెళ్ళి పడింది. ఆ పొద్దున మబ్బు పట్టింది. కాయలు కుప్ప చేసి పట్టాలు కప్పేదాకా కూలికొచ్చిన ఆడవాళ్ళు కదలడానికి లేదు. పాపం వాళ్ళకూ పాట వినపడనీ అని, పెళ్ళివాళ్ళు గరాటులాంటి మైకు హారను ఒకటి పందిరి మీద, ఇంకోటి ఊరి బయట కల్లం దగ్గర కట్టించారు. రెండోది ఎలా పలుకుతోందో చూద్దామని వెళ్ళాను. ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒక పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఏమయ్యో మైకబ్బాయ్, నీ పాట ఒకటికి రెండుసార్లు వస్తోంది. ముందొచ్చేది వినాలా, వెనకొచ్చేది వినాలా?" అంది. నిజమే. దగ్గరి హారను పలికేశాక, పందిరి హారను గొంతు పొలాల మీదుగా నింపాదిగా నడిచొచ్చి అదే మాట మళ్ళీ చెబుతోంది. "దూరం కదా, అంతే" అన్నాను. "అంతే ఏంది? చేతకాదని చెప్పు" అంది.

ఆ మాట తగిలింది. పందిరి దాకా పరుగెత్తి, వెనకా ముందూ చూడకుండా పందిరి హారను తీగ పీకేశాను. కల్లంలో పాట తేటగా మోగింది. పందిట్లో ఈగ వాలితే వినపడేంత నిశ్శబ్దం. మగపెళ్ళివాళ్ళు అప్పుడే వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన లేచి, "ఏరా, మేం పెళ్ళికొచ్చామా, పరామర్శకొచ్చామా?" అన్నాడు. మా పెదనాన్న నా చెంప పగలగొట్టాడు. "ఒరేయ్, పిలిచిన వాళ్ళ పందిట్లో పాట గొంతు నొక్కి, మిరపకాయలకు పాటలు పెడతావా!" (ఆ పూట నా చెవిలో మోగినంత బాగా ఏ హారనూ మోగలేదు.) దెబ్బ సంగతి కల్లానికి చేరింది. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆ పిల్లే మా ఆవిడ. సంబంధానికి ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే, "తన్నులు తిన్నావని జాలేసింది" అంటుంది ఇప్పటికీ.

మొన్నామధ్య మా కోడలు గదికొకటి చొప్పున తీగల్లేని స్పీకర్లు పెట్టించింది. "మావయ్యా, ఇక మీ స్టీరియో తీసేద్దాం. పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయి" అంది. "మీ అత్తయ్య పాట ఉందా?" అన్నాను. లేదు. మిరప కోతల్లో ఆవిడ పాడుతుంటే నేను టేపులో పట్టిన పాట అది, ఒక్క క్యాసెట్టులోనే ఉంది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఆవిడ వెనక వసారాలోనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటుంది. హాల్లో స్టీరియో గొంతు అక్కడికి సరిగా అందదు. కోడలు మంచిదే (నోరు నాలాంటిది, అందుకే పడదు). "సరే, మీ స్టీరియో నా స్పీకర్లలో పలికితే ఉంచుదాం. పలక్కపోతే పాత సామాన్లవాడికే" అని, పాటను గాలిలో పంపే అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తెచ్చింది. దానితో వచ్చిన కాగితమంతా ఇంగ్లీషు. నాకొచ్చింది తెలుగు. అందుకని కాగితం పక్కన పడేసి, డబ్బా ఎర్ర తీగ స్టీరియో ఎర్ర కన్నంలో, తెల్లది తెల్ల కన్నంలో గుచ్చాను.

పలికింది! కానీ హాల్లో నా స్టీరియో చెక్క పెట్టెలు ముందు, వసారాలో కొత్త స్పీకరు వెనక. "చూశారా, పాతది మొరాయిస్తోంది" అంది కోడలు. "పాతది వేళకే పలికింది తల్లీ. నీ కొత్తదే నిద్ర లేవడం ఆలస్యం!" అన్నాను. "గాలిలో వెళ్ళేది కదా మావయ్యా, కాస్త వెనకపడుతుంది. దాన్ని బాగుచెయ్యలేం. తీసేద్దామా మరి?" అంది. నేను నోరు తెరిచేలోపు వసారాలోంచి మా ఆవిడ కేకేసింది.

"ఏమయ్యో, ముందొచ్చేది వినాలా, వెనకొచ్చేది వినాలా?"

స్టీరియో వెనక్కి వంగి నా చెక్క పెట్టెల తీగలు రెండూ పీకేశాను. వాటి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేవాణ్ణి కాదు, రోజూ నేనే తుడిచేవాణ్ణి. హాలు మూగబోయింది. వసారాలో మా ఆవిడ పడుచు గొంతు తేటగా అందుకుంది. కోడలు కాసేపు విని, క్యాసెట్టు తిరుగుతున్న స్టీరియోను తన కొంగుతో తుడిచింది. "ఉండనీండి మావయ్యా. కానీ మీకిక్కడ వినపడదుగా?" అంది.

వెళ్ళి మా ఆవిడ పక్కన కూర్చుని నాలుగు మిరపకాయలు చేతిలోకి తీసుకున్నాను. "ఈసారి ఎవరూ కొట్టలేదే?" అంది తలెత్తకుండా. చెంప తడుముకున్నాను. ఇన్నేళ్ళలో ఆ మైకబ్బాయికి కాస్త బుద్ధి వచ్చి ఉంటుందనుకున్నాను గానీ, వాడింకా పందిరి తీగే పీకుతున్నాడు.